టూత్‌పేస్టులో ఫ్లోరైడ్ ఎంత? కిరాణా కొట్లో దొరికే రకాలపై సమీక్ష

ట్యూబు ముందువైపు ఎంత పెద్ద అక్షరాల్లో ఏం రాసినా పంటికి ఒరిగేదేమీ లేదు. పళ్లు పుచ్చకుండా కాపాడే సంగతులు వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంటాయి: ఫ్లోరైడ్ ఎన్ని పీపీఎం (పది లక్షల వంతుల్లో ఎన్ని వంతులు), ఏ రూపంలో ఉంది, ఎప్పుడు తయారైంది. ట్యూబు తోకన కనిపించే ఆకుపచ్చ, ఎరుపు, నలుపు గీతకు లోపలి సరుకుతో సంబంధం లేదు. ఎక్కడ కత్తిరించి అతకాలో ప్యాకింగ్ యంత్రానికి చూపే గుర్తు అది.

మన దేశంలో పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం మించకూడదు. కలిపితే ఎంతో ట్యూబు మీదా, అట్టపెట్టె మీదా అచ్చు వేయాలి. 1000 పీపీఎం అంటే గ్రాము పేస్టులో 1 మిల్లీగ్రాము.

కోల్గేట్ స్ట్రాంగ్ టీత్ లాంటి తెల్ల పేస్టుల్లో పళ్లను రుద్దే పొడి కాల్షియం కార్బొనేట్, అంటే సుద్ద. దానితో సోడియం ఫ్లోరైడ్ కలిపితే రెండూ కలిసి కరగని కాల్షియం ఫ్లోరైడ్‌గా మారి పంటికి అందకుండా పోతుంది. అందుకే వీటిలో సోడియం మోనోఫ్లోరోఫాస్ఫేట్ వాడతారు. 1000 పీపీఎంకి అది 0.76 శాతం కావాలి. ఇదీ శాశ్వతం కాదు. నెలలు గడిచేకొద్దీ, ముఖ్యంగా వేడిలో, కొంత విడిపోయి సుద్దలోని కాల్షియానికి చిక్కుకుంటుంది. లేబుల్ మీది అంకె ప్యాక్ చేసిన రోజుది. కాబట్టి ఎండ తగిలే షెల్ఫ్‌లో ఏడాదిన్నరగా పడి ఉన్న ఆఫర్ ట్యూబు చవకైనా వద్దు. తయారై ఆరు నెలలు దాటనిది వెతికి తీసుకోండి. తాజాగా ఉన్నంతవరకు ధరకు తగ్గ సరుకే.

సిలికా పొడితో చేసే జెల్‌లలో ఈ తగువు లేదు. సోడియం ఫ్లోరైడ్ 0.22 శాతం ఉంటే 1000 పీపీఎం వస్తుంది, నిలవలోనూ బాగా నిలుస్తుంది. పళ్లు తరచూ పుచ్చేవాళ్లకు మా ఓటు దీనికే. జెల్ అయినంత మాత్రాన ఫ్లోరైడ్ ఉన్నట్టు కాదు, వెనకవైపు సోడియం ఫ్లోరైడ్ అనే పేరు చూసి కొనండి. అమెరికా నుంచి చుట్టాలు తెచ్చే ట్యూబుల మీద 0.24 శాతం సోడియం ఫ్లోరైడ్ అని ఉంటే అది దాదాపు 1100 పీపీఎం. యూరప్ సరుకులో 1450 వరకు ఉంటుంది, పెద్దవాళ్లకు ఫరవాలేదు.

డాబర్ రెడ్, పతంజలి దంత కాంతి వంటివి ఫ్లోరైడ్ లేనివి. లవంగ నూనెతో నోరు హాయిగా ఉంటుంది, బ్రష్ తిప్పితే పాచి పోతుంది. పుచ్చు ఆపే పని మాత్రం వీటినుంచి ఆశించకండి.

నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే ఫ్లోరోసిస్ జబ్బు చూసిన నల్లగొండ, కనిగిరి ప్రాంతాల వాళ్లు పేస్టంటే భయపడటం సహజమే. కానీ లెక్క చూడండి. లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు రెండు లీటర్లు తాగితే 6 మిల్లీగ్రాములు ఒంట్లోకి పోతాయి. పెద్దవాళ్లు పేస్టును ఉమ్మేస్తారు, లోపలికి పోయేది అందులో చిన్న వంతే. ముందు మార్చాల్సింది నీళ్లను. ఆరేళ్ల లోపు పిల్లల సంగతి వేరు. చిగుళ్ల లోపల పళ్లు ఇంకా తయారవుతుంటాయి, వాళ్లు పేస్టు మింగేస్తారు కూడా. ఆ ఊళ్లలో ఇంకా బోరు నీళ్లే తాగుతుంటే పిల్లల పేస్టు దంతవైద్యుణ్ణి అడిగి ఎంచుకోండి.

పిల్లల పేస్టుల్లో చాలావాటిలో 500 పీపీఎం దాకా ఉంటుంది, కొన్నింటిలో అసలుండదు. 1000 కంటే తక్కువైతే రక్షణ గట్టిగా రుజువు కాలేదు. పైగా పండ్ల రుచి మింగాలనిపిస్తుంది. మామూలు నీళ్లున్న చోట 1000 పీపీఎం పేస్టే మూడేళ్ల లోపు బియ్యపు గింజంత, ఆపైన ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత పెట్టడం మేలు. బఠాణీ గింజంత పేస్టులో ఉండే ఫ్లోరైడ్ పావు మిల్లీగ్రామే. ప్రకటనల్లోలా బ్రష్ నిండా పరిస్తే పేస్టే గ్రాము దాటుతుంది.

తోమాక నాలుగైదుసార్లు పుక్కిలిస్తే డబ్బిచ్చి కొన్న ఫ్లోరైడ్ బేసిన్‌లోకే పోతుంది. ఉమ్మేసి ఊరుకోండి, రాత్రిపూట మరీ ముఖ్యం. 100 గ్రాముల ట్యూబులో 100 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటుంది. పది కిలోల పిల్లాడు సగం ట్యూబు తినేస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే, కాబట్టి అది చేతికందని అరలో ఉండాలి.