పక్క తడిపే పిల్లలకి పెట్టే అలారం, మూడు నెలలు వాడాక రాస్తున్నా (4/5)

మా బాబుకి ఏడేళ్లు, వారంలో ఐదారు రాత్రులు పక్క తడిపేవాడు. ఓ రోజు పొద్దున్నే తడిసిన నిక్కరు మంచం కింద దాచేసి నా మొహం వైపు చూడకుండా కూర్చున్నాడు, అది చూశాక నా వల్ల కాలేదు, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం.

ఇది బద్ధకం కాదు, వాడు కావాలని చేసేది అంతకన్నా కాదు అన్నారు డాక్టర్. రాత్రిపూట మూత్రం తక్కువ తయారయ్యేలా చూసే హార్మోన్ కొందరు పిల్లల్లో చాలదంట, కొందరికి బ్లాడర్‌లో ఎక్కువ ఆగదంట, దానికి తోడు బ్లాడర్ నిండినా మెలకువ రాదు. అమ్మానాన్నల్లో ఎవరికైనా చిన్నప్పుడు ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం ఎక్కువ అనగానే మా ఆయన తనకీ తొమ్మిదేళ్ల దాకా ఉండేదని చెప్పారు, ఇన్నేళ్లలో నాకూ చెప్పలేదు. వాడు "నీకు కూడానా నాన్నా?" అని రెండుసార్లు అడిగాడు. ముందు మలబద్ధకం తగ్గించమన్నారు, పేగులో గట్టిపడిన మలం బ్లాడర్‌ని నొక్కుతుందంట, అది కుదురుకున్నాకే అలారం మొదలుపెట్టాం.

నిక్కరుకి చిన్న సెన్సర్ క్లిప్, అక్కడినుంచి వైరు, భుజం దగ్గర బజర్, అంతే. తడి తగలగానే మోగుతుంది. ఇక్కడే చాలామంది పొరపడుతున్నారు, పిల్లాడు వాడంతట వాడే లేస్తాడనుకుని కొంటారు, లేవకపోయేసరికి పనిచేయట్లేదని ఒక్క స్టార్ ఇచ్చేస్తారు. మొదటి మూడు వారాలు మావాడి చెవి పక్కనే మోగుతున్నా కదల్లేదండి, లేచింది నేనే. పరిగెత్తుకెళ్లి, వాణ్ణి పూర్తిగా మేల్కొలిపి, బజర్ వాడి చేత్తోనే ఆపించి, బాత్రూమ్‌కి నడిపించుకెళ్లి, మళ్లీ కొత్త నిక్కరు వేసి క్లిప్ పెట్టాలి. నిద్రలో ఎత్తుకెళ్లి పోయిస్తే లాభం లేదు, మెలకువ రావడమే ఇక్కడ వాడు నేర్చుకోవాల్సింది. ఈ ఓపిక లేకపోతే ఇప్పుడే కొనకండి, కాస్త తీరిక ఉన్న నెలలో మొదలుపెట్టండి.

నాలుగో వారంలో దుప్పటి మీద తడి అరచేయంతే ఉంది, అంతకుముందు పరుపంతా తడిసేది. ఆ తర్వాత బజర్ మోగిన వెంటనే మూత్రం ఆపుకోవడం మొదలైంది, పదో వారానికి వరసగా 14 రాత్రులు పొడిగా ఉన్నాడు. పద్నాలుగో పొద్దున దుప్పటి మొత్తం తడిమి చూసి నన్ను లేపాడు.

సాయంత్రం నుంచి నీళ్లు తగ్గించాం గానీ పగలు బాగా తాగించాం, పడుకునే ముందు తప్పకుండా పాస్‌కి పంపించాం. తడిపిన రోజు ఒక్క మాట కూడా అనలేదు. రాత్రి మూత్రం తక్కువ తయారయ్యేలా చేసే డెస్మోప్రెసిన్ మాత్ర గురించి కూడా డాక్టర్ చెప్పారు, త్వరగా పనిచేస్తుంది కానీ ఆపితే చాలామందికి మళ్లీ మొదలవుతుంది, పైగా అది వేసుకున్న రాత్రి నీళ్లు ఎక్కువ తాగితే ప్రమాదం, అందుకే సొంతంగా కొని వేయొద్దు.

ఆర్నెల్లు పొడిగా ఉన్న పిల్లలు ఉన్నట్టుండి తడుపుతున్నా, పగలు కూడా తడుపుతున్నా, పాస్‌కి వెళ్తే మంట అన్నా, విపరీతంగా దాహం వేస్తున్నా అలారం సంగతి తర్వాత, ముందు డాక్టర్‌కి చూపించండి.

ఒక స్టార్ తగ్గించింది క్లిప్ గురించే, పట్టు వదులు, అటూ ఇటూ దొర్లితే ఊడొస్తుంది, చెమటకి కూడా రెండుసార్లు ఊరికే మోగింది. బిగుతైన నిక్కరు వేసి వైరుని చొక్కా లోపలినుంచి తీశాక ఆ గొడవ తగ్గింది.