కుట్టుపని: ముందు శిక్షణా, నేరుగా జీతమా?

హైదరాబాద్‌లో ఇళ్లలో పాచిపని మానేసి కుట్టుపనిలోకి రావాలనుకునే ఆడవాళ్లకు రెండు దార్లు. ఒకటి సెట్విన్ (ఉపాధి శిక్షణ ఇచ్చే ప్రభుత్వ సంస్థ) లాంటి చోట నేర్చుకోవడం. రెండోది గార్మెంట్ యూనిట్‌లో హెల్పర్‌గా చేరి, జీతం తీసుకుంటూనే నేర్చుకోవడం.

ఖర్చు: శిక్షణలో అసలు బరువు ఫీజు కాదు, ఆ నెలల్లో రాని జీతం. అద్దె కట్టలేక సగంలో మానేసేవాళ్లూ ఉంటారు. హెల్పర్‌కి మొదటి నెల నుంచే డబ్బు. రానుపోను ఛార్జీ రెంటికీ బెంగ లేదు. 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ ఉచితం.

నేర్పు: తొక్కుడు మిషన్ మీద నేర్చినవాళ్లకు యూనిట్లలో ఉండే పవర్ మిషన్ (మోటారుతో నడిచేది) మొదట్లో చేతికి లొంగదు. పెడల్ కాస్త గట్టిగా నొక్కితే కుట్టు గీత దాటి పరుగెడుతుంది. దారం బిగువు ఎక్కువైతే గుడ్డ ముడుచుకుంటుంది. అందుకే శిక్షణలో చేరేముందే అడగండి: పవర్ మిషన్లు ఉన్నాయా, ఒక్కోదానికి ఎంతమంది? ఇద్దరైతే చేతికొచ్చే సాధన సగమే.

రిస్క్: కొన్నిచోట్ల హెల్పర్‌ని దారాలు కత్తిరించే బల్ల దగ్గరే ఏళ్లు ఉంచేస్తారు. మిషన్ మీద ఎప్పుడు కూర్చోబెడతారో ముందే తేల్చుకోవాలి. ఈఎస్ఐ (వైద్య బీమా), పీఎఫ్ నంబర్లు ఇవ్వని చోట జీతం కాస్త ఎక్కువన్నా నమ్మొద్దు.

ఇంట్లో ఇంకో సంపాదన ఉంటే శిక్షణ. ఒంటరి తల్లి, నెత్తిన వడ్డీ ఉంటే యూనిట్. ఇంటి దగ్గరే బ్లౌజులు కుట్టాలంటే మాత్రం శిక్షణే. యూనిట్‌లో కాలరో, జేబో ఒక్కటే చేయిస్తారు, కటింగ్ చేతికి రాదు.