పఫ్ డ్రాగన్, బీటిల్స్ ప్రేమపాట: మత్తు దేనిలో ఉంది?

పాటలో మత్తు నిజంగా ఉందా, మనమే ఊహించుకుంటున్నామా అన్న వాదన వస్తే ఈ రెండు ఇంగ్లిష్ పాటలనూ పక్కపక్కన పెట్టి వినాలి.

అమెరికన్ జానపద గాయకత్రయం పీటర్, పాల్ అండ్ మేరీ 1963లో విడుదల చేసిన ‘పఫ్, ద మ్యాజిక్ డ్రాగన్’ వినడానికి పిల్లల పాట. కానీ పఫ్ అంటే దమ్ము లాగడమని, ఆ డ్రాగన్ స్నేహితుడైన పిల్లాడి పేరు జాకీ పేపర్‌లో ఉన్నది గంజాయి చుట్టే కాగితమని చాలామంది అర్థం తీశారు. దీనికి మూలం 1959లో లెన్నీ లిప్టన్ అనే కార్నెల్ యూనివర్సిటీ విద్యార్థి రాసిన కవిత. ఇది చేజారిపోయే బాల్యం గురించేనని పాట కట్టిన పీటర్ యారో పదేపదే చెప్పారు. నేను ఆయన మాటే నమ్ముతాను. ఒక రాత్రి నుంచి జాకీ రావడం మానేస్తాడు. డ్రాగన్ తలవంచుకుని గుహలోకి వెళ్లిపోతుంది. గంజాయి అర్థంలో ఈ దుఃఖానికి చోటెక్కడ? పేర్లు కలిస్తే చాలదు, కథ కూడా కలవాలి కదా!

బీటిల్స్ 1966 ఆల్బమ్ ‘రివాల్వర్’లోని ‘గాట్ టు గెట్ యూ ఇంటూ మై లైఫ్’ దీనికి పూర్తిగా ఎదురు. ట్రంపెట్లు హోరెత్తుతుంటే ఎవరో అమ్మాయి కోసమే పాడుతున్నట్టుంటుంది. మత్తు పేరెత్తే మాట ఒక్కటీ లేదు. అయితే అది గంజాయి గురించేనని, ఆ పాట రాసిన బీటిల్స్ సభ్యుడు పాల్ మెకార్ట్‌నీయే తర్వాత చెప్పాడు. అది తెలిశాక, ఏం దొరుకుతుందో తెలియకుండా ఒంటరిగా బయల్దేరానన్న మొదటి మాటలు వేరేగా వినిపిస్తాయి. అయినా ప్రేమపాటగా వినేవాళ్లను నేను తప్పుపట్టను, ఆ అర్థంలోనూ పాట ఎక్కడా తడబడదు. పఫ్‌ను గంజాయి పాట అనేవాళ్లకు మాత్రం ఈ వెసులుబాటు ఇవ్వలేను.