నీటి పరీక్ష కిట్, రెడీమేడ్ ప్రాజెక్టు ఫైలు కొనేవారికి జాగ్రత్త హెచ్చరిక: విజయవాడ, గుంటూరు ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు

విజయవాడలో గానీ గుంటూరులో గానీ ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల సైన్స్ ప్రాజెక్టు కోసం నీటి పరీక్ష కిట్‌నూ, దానితోపాటు సిద్ధంగా ఉన్న ప్రాజెక్టు ఫైలునూ కలిపి ప్యాకేజీగా కొనాలనుకుంటున్నవారు దయచేసి ఇది చదివిన తరవాతే డబ్బు చెల్లించండి. నేను విజయవాడలో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయినిని, ఎనిమిదో తరగతికి సైన్స్ చెబుతాను. ఈ విద్యా సంవత్సరంలో అలాంటి కిట్లు రెండు, ఒక్కొక్కటి 3,800 రూపాయల చొప్పున, నగరం నడిబొడ్డున ప్రయోగశాల సామగ్రి అమ్మే ఒక దుకాణంలో కొన్నాను. డబ్బు పోవడం ఒక ఎత్తు, ఆ కిట్ల వల్ల నా పిల్లలు తమ కళ్లతో చూసి రాసుకున్న కొలతలను తామే చెరిపేసుకోవడం మరొక ఎత్తు.

ప్రాజెక్టు మొదలైంది ఒక అమ్మాయి వేసిన ప్రశ్నతో. కుళాయి నీళ్లలో సబ్బు బాగా నురగ వస్తుందనీ, వాళ్ల బోరు నీళ్లలో ఎంత రుద్దినా రాదనీ, అలా ఎందుకు జరుగుతుందో తెలుసుకోవాలనీ ఆ అమ్మాయి తరగతిలో లేచి అడిగింది. పన్నెండేళ్లుగా పిల్లల చేత ప్రాజెక్టులు చేయిస్తున్న నాకు ఇంతకంటే మంచి ప్రశ్న ఎప్పుడూ దొరకలేదు, ఎందుకంటే అది పుస్తకంలోంచి కాక ఇంటి పెరట్లోంచి వచ్చింది. 24 మంది పిల్లలు ఐదు జట్లుగా ఏర్పడి, ఎవరి ఇంటి నుంచి వారు సీసాలలో నీళ్లు తేవాలని నిర్ణయించుకున్నారు. పటమట నుంచీ, వన్‌టౌన్ కొండల మీది ఇళ్ల నుంచీ, సింగ్ నగర్ నుంచీ నీళ్లు వచ్చాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్ నగర్ ఇళ్లను ముంచెత్తిన నాటి నుంచి అక్కడి తల్లిదండ్రులకు బోరు నీటి మీద భయం పోలేదు. అందుకే పిల్లల ప్రాజెక్టు సంగతి వినగానే వాళ్లు తలా కొంత వేసుకుని ఒక కిట్ డబ్బు నాకు తెచ్చి ఇచ్చారు. రెండో కిట్ నా సొంత డబ్బుతో కొన్నాను. ఆ తల్లిదండ్రులు నా మీద ఉంచిన నమ్మకం తలచుకుంటే ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది.

కిట్‌లో నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని చూపే ఒక టీడీఎస్ మీటరు, నీటి ఆమ్ల, క్షార గుణం చూపే పీహెచ్ పట్టీలు, నీటి కాఠిన్యత, అంటే సబ్బును నురగ రానివ్వని కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎంత ఉన్నాయో కొలిచే చుక్కల మందు, క్లోరిన్ పరీక్షకు పసుపు రంగు వచ్చే ద్రావణం, బాక్టీరియా కోసం నాలుగు చిన్న సీసాలు, రంగులతో పోల్చుకునే అట్ట ఉన్నాయి. దుకాణదారు ఒక స్పైరల్ బైండింగ్ ఫైలు కూడా పైన పెట్టి, దీనితో పిల్లలు జిల్లా స్థాయికి వెళ్లడం ఖాయమని చెప్పారు. పాఠశాల పిల్లల కొత్త ఆలోచనలను ప్రోత్సహించే కేంద్ర ప్రభుత్వ పథకం ఇన్‌స్పైర్ మానక్ కింద ఎంపికైన విద్యార్థికి నమూనా తయారీ కోసం వచ్చే పదివేల రూపాయల ప్రస్తావన తెచ్చి, ఆ మొత్తంలోనే నమూనా కూడా తామే చేసి ఇస్తామన్నారు. ఆ మాట విన్నప్పుడే నేను వెనక్కి తిరిగి రావలసింది. ఆ సొమ్ము నేరుగా విద్యార్థి ఖాతాలో పడేది ఆ ఆలోచన ఆ విద్యార్థిదే కనుక, దానిని తన చేతులతో వస్తువుగా మలచడానికి.

లోపం మొదట పట్టుకున్నది నేను కాదు, చివరి బెంచీలో కూర్చునే ఒక అబ్బాయి. ఏ పరీక్షకైనా ముందు ఏమీ కలవని నీటితో సరిచూసుకోవాలని నేను చెప్పిన మాట గుర్తుపెట్టుకుని, ఆటో నడిపే తన తండ్రి దగ్గర ఉన్న బ్యాటరీ నీళ్లు, అంటే బ్యాటరీలో పోసే లవణాలు తీసేసిన నీళ్లు, కొన్ని తెచ్చాడు. వాటిలో కాఠిన్యత చుక్కలు వేసి లెక్క కడితే లీటరుకు 180 మిల్లీగ్రాములు వచ్చింది. "టీచర్, బ్యాటరీ నీళ్లు కూడా కఠిన జలమేనా?" అని వాడు అడిగితే తరగతి అంతా నిశ్శబ్దమైంది. లవణాలు తీసేసిన నీటిలో కాఠిన్యత దాదాపు సున్నా ఉండాలి. భారతీయ ప్రమాణాల సంస్థ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యతకు ఆమోదయోగ్య పరిమితి లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే నీటి వనరు లేనప్పుడు 600 వరకు అనుమతి ఉంది. ఏమీ కలవని నీటికే 180 చూపించే మందుతో ఏ ఇంటి బోరు ఏ గీతకు ఇవతల ఉందో, ఏది అవతల ఉందో పిల్లలు ఎలా చెప్పగలరు?

అప్పుడు సీసాలను వెలుతురులో పెట్టి చూశాను. ముద్రించిన తేదీ మీద ఇంకొక చీటీ అతికించి ఉంది. తడి గుడ్డతో దానిని ఊడదీస్తే లోపల ఉన్న గడువు తేదీ దాటి రెండేళ్లు అయింది. క్లోరిన్ ద్రావణం సీసా మీద అసలు ఏ పేరూ లేదు. నీటిలో క్లోరిన్ ఉంటే పసుపుగా మారడాన్ని బట్టి అది ఆర్థోటాలిడిన్ అని నాకు అర్థమైంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కలిపి తయారయ్యే ఆ రసాయనం చర్మానికి తగలకూడదు, పరీక్ష చేసిన నీటిని పొరపాటున కూడా ఎవరూ నోట పెట్టకూడదు. హెచ్చరిక మాట ఒక్కటి కూడా లేకుండా దానిని పదమూడేళ్ల పిల్లల కిట్‌లో పెట్టి అమ్మడం నన్ను అన్నిటికంటే ఎక్కువగా కోపగించేలా చేసింది అనుకున్నాను, బాక్టీరియా సీసాల సంగతి తెలిసేవరకు.

ఆ సీసాలలో నీళ్లు పోసి 24 నుంచి 48 గంటలు ఉంచితే, మలసంబంధమైన కాలుష్యం ఉన్న నీరు హైడ్రోజన్ సల్ఫైడ్ ఏర్పడడం వల్ల నల్లగా మారుతుంది. సింగ్ నగర్ జట్టు పిల్లలు ఒక బోరు నీళ్లు పోస్తే రంగు మారలేదు, ఆ కబురు అప్పటికే వాళ్ల ఇళ్లకు చేరిపోయింది. అనుమానం వచ్చి, పిల్లలను దూరంగా ఉంచి, చేతి తొడుగులు వేసుకుని, మిగిలిన సీసాలలో ఒకదానిలో మురుగు కాలువ నీళ్లు నేనే పోశాను. రెండు రోజులు గడిచినా అది తేటగానే ఉండిపోయింది. మురుగు నీటిని కూడా శుభ్రమని చెప్పే ఆ సీసాను నమ్మి, వరద చూసిన ఇల్లు ఒకటి నీళ్లు కాచుకోవడం మానేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. ఆ సాయంత్రమే ఆ ఇళ్లకు వెళ్లి, మా పరీక్ష ఫలితాన్ని లెక్కలోకి తీసుకోవద్దనీ, నీళ్లు కాచి తాగమనీ చెప్పి వచ్చాను.

టీడీఎస్ మీటరు గురించి ఎక్కువ చెప్పను. లీటరుకు ఒక గ్రాము ఉప్పు కలిపిన ద్రావణంలో ముంచితే దాదాపు 1,000 చూపించవలసినచోట 560 చూపించింది.

ఇక ఫైలు గురించి. కృష్ణా నది నీటి కాలుష్యం అనే శీర్షికతో, ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదలుపెట్టి ఎనిమిది చోట్ల కొలిచినట్టు పట్టికలు నింపి, విద్యార్థి పేరు, పాఠశాల పేరు రాసుకోవడానికి మాత్రం ఖాళీ వదిలారు. గుంటూరులో పనిచేసే నా బీఈడీ సహాధ్యాయిని ఒకరు తన పాఠశాలకు వచ్చిన ఫైలును ఫోటో తీసి పంపితే, అందులో శీర్షికలో గుంటూరు ఛానల్ అనే కాలువ పేరు ఉంది, పట్టికలోని అంకెలు మాత్రం దశాంశ స్థానంతో సహా మా ఫైలులోవే. ఎవరూ కొలవని అంకెలు అవి.

నేను ఆ ఫైలును బీరువాలో పెట్టాననుకున్నాను గానీ, అది రెండు రోజులు బల్ల మీదే ఉంది. ఆ రెండు రోజుల్లో ఒక జట్టు పిల్లలు తమ నోటు పుస్తకంలోని కొలతలను రబ్బరుతో చెరిపి, వాటి స్థానంలో ఫైలులోని అంకెలను ఎక్కించారు. ఎందుకిలా చేశారని అడిగితే, "మావి తప్పు టీచర్, పుస్తకంలో ఉన్నవి కరెక్టు" అన్నారు. నిజానికి చెరిపేసిన వాటిలో పీహెచ్ కొలతలు సరైనవే, ఎందుకంటే ఆ పట్టీలు పాఠశాలలో అంతకుముందే ఉన్న మంచి పట్టీలు. తమ కన్నునూ చేతినీ అనుమానించి అచ్చులో ఉన్నదాన్ని నమ్మడం పిల్లల తప్పు కాదు. అచ్చులో ఉన్నదే ఒప్పు అని ఏళ్ల తరబడి మనమే నేర్పాము. కానీ ప్రాజెక్టు అనేది ఆ అలవాటును మాన్పించడానికి ఉన్న ఒకే ఒక్క పని. 1993 నుంచి జరుగుతున్న జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్‌లో పది నుంచి పదిహేడేళ్ల పిల్లలు నివేదికతోపాటు, ఏ రోజు ఏమి చేశారో రాసుకున్న లాగ్ బుక్‌నూ చూపించాలి. కొట్టివేతలతో, మరకలతో ఉన్న ఆ పుస్తకమే పిల్లలు నిజంగా పని చేశారనడానికి సాక్ష్యం. నింపిన ఫైలు కొనడం అంటే ఆ సాక్ష్యాన్ని మన చేతులతో మనమే చెరిపివేయడం.

దుకాణానికి వెళ్లి అడిగినప్పుడు, అమ్మిన సరుకు వెనక్కి తీసుకునేది లేదన్నారు. నా దగ్గర ఉన్నది జీఎస్టీ నంబరు గానీ వరుస సంఖ్య గానీ లేని ఎస్టిమేట్ చీటీ. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమూ, లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోవడానికి నిరాకరించడమూ అనుచిత వాణిజ్య పద్ధతులే అని నాకు అప్పటికి తెలియదు. జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాక దుకాణం నుంచి పిలుపు వచ్చింది. ఒక కిట్‌కు నేను యూపీఐ ద్వారా చెల్లించాను కనుక ఆ 3,800 రూపాయలు తిరిగి ఇచ్చారు. తల్లిదండ్రుల డబ్బుతో, నోట్లుగా చెల్లించిన మరో కిట్‌కు ఆధారం లేదన్నారు. ఆ మొత్తాన్ని నేనే తల్లిదండ్రులకు తిరిగి ఇచ్చాను.

కాబట్టి ఎవరి దగ్గర కొన్నా సరే, నోట్ల రూపంలో చెల్లించకండి, సరైన బిల్లు చేతికి వచ్చేవరకు కదలకండి. ప్రతి సీసా మీద రసాయనం పేరు, తయారీదారు పేరు, చిరునామా, తయారైన నెల, సంవత్సరం, గడువు తేదీ చదవండి. చీటీ మీద చీటీ ఉంటే దుకాణంలోనే గోరుతో లేపి చూడండి. మీటరు కొనేటప్పుడు, బంగారం తూచే త్రాసు మీద 5 గ్రాముల ఉప్పు తూయించి, 5 లీటర్ల బ్యాటరీ నీళ్ల క్యానులో కలిపి, ఆ నీళ్లు ఒక సీసాలో వెంట తీసుకెళ్లి అక్కడే ముంచి చూడండి. మీటరు వాడే గుణకాన్ని బట్టి 1,000 కంటే కొంత ఎక్కువ చూపవచ్చు గానీ సగానికి పడిపోకూడదు. టీడీఎస్ మీటరు నీటి విద్యుత్ వాహకతను కొలిచి దాన్నుంచి లవణాలను అంచనా వేస్తుందే తప్ప క్రిములను చూపదు. తక్కువ అంకె వచ్చిన నీరు సురక్షితమని ఎవరైనా అమ్మకానికి చెబితే నమ్మకండి.

మా పిల్లల ప్రశ్నకు చివరికి కిట్ అవసరమే రాలేదు. స్నానం సబ్బును తురిమి బ్యాటరీ నీటిలో కరిగించి, ఒకే పరిమాణంలో ఉన్న ఒక్కొక్క ఇంటి నీటిలో ఆ ద్రావణాన్ని చుక్కలుగా వేస్తూ, మూత పెట్టి కుదుపుతూ, నురగ నిమిషంపాటు నిలిచేవరకు ఎన్ని చుక్కలు పట్టాయో లెక్కపెట్టారు. బట్టలు ఉతకడానికి ఇప్పుడు దొరికే బిళ్లల్లో చాలావరకు డిటర్జెంట్లే కనుక అవి దీనికి పనికిరావు. కుళాయి నీటికి సుమారు 9 చుక్కలు, ప్రశ్న అడిగిన అమ్మాయి ఇంటి బోరు నీటికి సుమారు 41 చుక్కలు పట్టాయి. మూడుసార్లు చేసి మూడుసార్లూ రాసుకున్నారు, మూడు అంకెలూ ఒకేలా రాలేదు, ఒక్కటీ చెరపలేదు.

ఇలాంటి కిట్ ఇప్పటికే కొన్నవారు ఎవరైనా ఉంటే, పిల్లల చేతికి ఇచ్చేముందు ఒక గ్లాసు బ్యాటరీ నీటితో కాఠిన్యత చుక్కలను సరిచూడండి. బాక్టీరియా సీసాల ఫలితాన్ని మాత్రం ఏ ఇంటికీ చెప్పకండి.