కొలువు ఉంచుకొని గేమా, మానేసి గేమా?

నల్లగొండలోనో పాలమూరులోనో పుట్టి, హైదరాబాద్‌లో కోడ్ రాస్తూ, సొంతంగా ఒక గేమ్ తీయాలనుకునే పిల్లలకు మొదట తోచేవి రెండు దారులు. కొలువు చేస్తూ రాత్రిళ్లు కూర్చోవడం, లేదా రాజీనామా ఇచ్చి ఊరికొచ్చి పొద్దంతా దాని మీదే ఉండడం. మొదటి గేమ్ వరకైతే నా ఓటు కొలువుకే. జీతం ఒక్కటే కాదు కారణం.

పైసల లెక్క చూస్తే ఊరే చవక. కిరాయి లేదు, అమ్మ వండిపెడుతుంది. గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ గోడో ఇంజిన్ ఉచితం. గూగుల్ ప్లే డెవలపర్ ఖాతాకు ఒక్కసారి 25 డాలర్లు, కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో గేమ్‌కు 100 డాలర్లు. ఎవరైనా పెట్టుకోగలరు. ఖర్చయ్యేది మనిషి కాలం. ఊళ్లో దానికి హద్దు పెట్టేవాళ్లుండరు.

ఆ హద్దు లేకపోతే ఏమవుతుందో ఒక ఉదాహరణ. నల్లగొండ దగ్గరి పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం తెలుసు కదా, సూర్యుడు ఎటు జరిగినా ఒక గర్భగుడిలో నీడ నిలిచే ఉంటుంది. దాని మీద పజిల్ గేమ్ తీయాలని ఒకరికి తోచిందనుకుందాం. స్తంభాలు జరుపుతూ వెలుతురును మళ్లించి, నీడను అనుకున్న చోట నిలపాలి. ఆలోచన బాగుంది. కొలువు చేసేవాడికి రాత్రి రెండు గంటలే దొరుకుతాయి కాబట్టి శిల్పాల జోలికి పోడు. బూడిదరంగు పెట్టెలనే స్తంభాలనుకొని, ఒక్క గది కట్టి, నీడను జరపడంలో మజా ఉందా లేదా అని చూస్తాడు. లేదని తేలితే పోయేది నాలుగు వారాంతాలు. మానేసి వచ్చినవాడు ముందు మూడు గర్భగుడులనూ త్రీడీలో చెక్కడం మొదలుపెడతాడు. తర్వాత ఆ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడుల కథ, దానికి సంగీతం, ఆపైన మాట్లాడే పాత్రలు. ఆరు నెలలు గడిచినా అసలు ప్రశ్నకు జవాబు దొరకదు. పని జరగలేదా అంటే జరిగింది, బోలెడంత జరిగింది! అదే చిక్కు.

మానేయాలనుకునేవాళ్లు స్టార్‌డ్యూ వ్యాలీ అనే గేమ్ పేరు చెప్తారు. ఎరిక్ బరోన్ ఒక్కడే నాలుగున్నరేళ్లు కష్టపడి 2016లో దాన్ని విడుదల చేసిన మాట నిజమే. కానీ ఆయన మానేసిన కొలువేదీ లేదు. చదువయ్యాక కొలువు దొరక్క మొదలుపెట్టాడు, మధ్యలో నాటకాలు, కచేరీలు జరిగే థియేటర్లో పార్ట్‌టైమ్ చేశాడు, ఇంటి ఖర్చు చాలావరకు ఆయన స్నేహితురాలు మోసింది. నాకు లూకాస్ పోప్ దారి ఎక్కువ నచ్చుతుంది. పెద్ద స్టూడియోలో పనిచేసి బయటికొచ్చాడు. 2012లో రెండు మూడు రోజుల్లో గేమ్ తీసే లూడమ్ డేర్ పోటీ కోసం ఒక చిన్న గేమ్ తీశాడు, మరుసటి ఏడాదే పేపర్స్ ప్లీజ్ అనే గేమ్‌తో పేరు తెచ్చుకున్నాడు. పేరొచ్చిన గేమ్‌కు ముందు పూర్తిచేసినవి కొన్ని ఉన్నాయన్నమాట.

కొలువు దారిలోనూ ముళ్లున్నాయి. అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చదవండి. మీరు చేసే ప్రతిదీ కంపెనీదేనన్న షరతు కొన్నింటిలో ఉంటుంది. ఆఫీస్ ల్యాప్‌టాప్ మీద మాత్రం ఒక్క లైను కూడా రాయొద్దు. ఇక అలసట సంగతి. నిన్న ఎక్కడ ఆపామో గుర్తు తెచ్చుకోవడానికే అరగంట పోతుంది. లేచే ముందు రేపటి మొదటి పని ఒక ముక్కలో రాసిపెట్టుకుంటే ఆ అరగంట మిగులుతుంది.

ఊళ్లో వేరే గోస. "ఏం జేస్తుండు మీ పిలగాడు, ఇంట్లనే కూసుంటుండా?" అని అడిగేవాళ్లకు అమ్మ ఏం చెప్పాలి? కంప్యూటర్‌లో ఆటలాడుతున్నాడనే అనుకుంటారు. సంబంధాల దగ్గర ఇంకా కష్టం. ఒక లాభమైతే ఉంది. వ్యక్తిగత ఖాతా కొత్తగా తెరిచినవాళ్లు ప్లే స్టోర్‌లో గేమ్ పెట్టాలంటే, కనీసం 12 మందితో 14 రోజులు పరీక్ష చేయించాలి. మేనత్త పిల్లలు, వాళ్ల దోస్తులు చాలు. వాళ్ల పాత, చవక ఫోన్లలో మీ గేమ్ నడిచిందంటే ఎక్కడైనా నడుస్తుంది.

మూడో దారి, ఊళ్లోనే ఉండి కాంట్రాక్టు పనులు చేసుకోవడం. బతుకు గడుస్తుంది గానీ రోజంతా వేరేవాళ్ల గేమ్‌లకు బొమ్మలు గీసినవాడికి రాత్రి తన గేమ్ తెరవబుద్ధి కాదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ఐటీ టవర్లు 2023లో తెరిచారు, మంచిదే. గేమ్ స్టూడియో కొలువుకైతే ఇంకా హైదరాబాదే దిక్కు.

మొదటి గేమ్ చిన్నదైతే స్టీమ్‌కు తొందరపడక్కర్లేదు. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడినవాళ్లు డబ్బు వెనక్కి అడగొచ్చు. గంటన్నరలో అయిపోయే పజిల్‌ను పూర్తిగా ఆడేసి కూడా తిరిగి ఇవ్వొచ్చన్నమాట. పైగా అమ్మకాల్లో 30 శాతం స్టీమ్‌దే. చిన్న గేమ్‌లు పెట్టుకునే వెబ్‌సైట్ ఇచ్.ఐఓలో ఉచితంగా పెట్టి, ముక్కూ మొహం తెలియనివాళ్లు చివరిదాకా ఆడుతున్నారా చూడండి.

ఆడుతున్నారంటే, ఏడాది ఖర్చు కూడా చేతిలో ఉందంటే, రెండో గేమ్‌కు మానేయడం తప్పు కాదు. అప్పుడు తేదీ లెక్కేసుకోండి. రాబోయే గేమ్‌ల డెమోలు ఆడించే స్టీమ్ నెక్స్ట్ ఫెస్ట్‌లో ఒక గేమ్‌కు ఒక్కసారే అవకాశం, దానికి డెమో సిద్ధంగా ఉండాలి. మూడు నెలల నోటీసు పీరియడ్ ఉన్న కంపెనీ అయితే నోటీసు పోగా డెమోకు మూడు నెలలు మిగలాలంటే రాజీనామా ఆ పండుగకు కనీసం ఆరు నెలల ముందే పెట్టాలి.