గేటు ముందు చలివేంద్రానికి కుళాయి కుండ: ఏది కొనాలి, ఎక్కడ చెడుతుంది

ఎండల్లో దారిన పోయేవాళ్లకు గేటు బయట నాలుగు గుక్కల మంచినీళ్లు పెట్టాలనుకుంటే, రోడ్డు పక్క అమ్మే కుళాయి కుండను మించింది లేదు. గ్లాసు ముంచుకునే మామూలు కుండ మాత్రం వద్దు. పదిమంది చేతులు పడ్డాక ఆ నీళ్లు తాగబుద్ధి కాదు.

సైజు దగ్గరే చాలామంది పొరపాటు పడతారు. 20 లీటర్ల కుండ చూడ్డానికి నిండుగా ఉంటుంది గానీ, ఆఫీసుకు పరుగెత్తే వేళ దాన్ని వంచి కడగడం ఒక్కరి వల్ల కాదు. ఉగాదికి పూలదండ వేసి పెట్టిన కుండలు వారం తిరక్కుండానే ఎండిపోయేది అందుకే. 10 లీటర్లది చాలు. కుళాయికి దిగువన లీటరు దాకా మిగిలిపోయినా, పావు లీటరు గ్లాసుతో 36 మంది తాగుతారు. కడిగి నింపడం పది నిమిషాల పని.

కొనేటప్పుడు వేలి కణుపుతో కొట్టి చూడండి, ఖంగుమనాలి. బొంగురుగా మోగితే ఎక్కడో నెర్రె ఉన్నట్టే. తడివేలితో బయట రాస్తే ఆ తడిని మట్టి వెంటనే పీల్చేయాలి. రంగులు, పూలు వేసిన కుండలు ఇక్కడే తేలిపోతాయి, ధర మాత్రం ఎక్కువ. నీళ్లు సన్నటి రంధ్రాల్లోంచి చెమర్చి, ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుపోతేనే కుండ చల్లబడుతుంది. కాబట్టి కర్నూలు, నిజామాబాద్ పొడి ఎండల్లో పనిచేసినంతగా కాకినాడ, విశాఖ ఉక్కలో పనిచేయదు.

దీని అసలు బలహీనత కుళాయి. చిల్లుకి లోపలా బయటా చెరో రబ్బరు వాషరు ఉండాలి. చాలా కుండలకు ఒకటే వేసి ఇస్తారు, రెండోది అడిగి తీసుకోండి. నట్టు చేత్తోనే బిగించాలి. పానా పెడితే చిల్లు చుట్టూ బీట పడుతుంది. తిప్పే కుళాయి వద్దు, ఎవరో ఒకరు సగం కట్టి వెళ్తారు, మధ్యాహ్నానికి కుండ ఖాళీ. వేలు తీయగానే మూసుకునే నొక్కుడు కుళాయి వేయించండి.

కొత్త కుండను ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి, మొదటి రెండుసార్లు నింపిన నీళ్లు మొక్కలకు పోయండి. సబ్బు తగలనివ్వొద్దు, మట్టి పీల్చుకుని ఆ వాసన నీళ్లకు పట్టిస్తుంది. లోపల కొబ్బరి పీచుతో రుద్దితే చాలు. బయట తెల్లటి ఉప్పు పొర కడితే నిమ్మచెక్కతో రుద్ది కడగండి. ఆ ఉప్పు రంధ్రాలు పూడ్చేస్తుంది కాబట్టి బోరు నీళ్లు పోసే ఇళ్లలో రెండో ఏటికి చల్లదనం తగ్గుతుంది. మూకుడు సరిగ్గా కూర్చోకపోతే కింద పలచటి బట్ట వేయండి, లేదంటే దోమలు గుడ్లు పెడతాయి.

పడమటి ఎండ తగలని నీడలో, గాలి ఆడే చోట, కుదురు మీద పెట్టండి. కుళాయి కింద కనీసం అడుగున్నర ఖాళీ వదలండి. డెలివరీ కుర్రాళ్లకు గ్లాసు కన్నా సీసా నింపుకోవడమే కావాలి. పైన “మంచినీళ్లు, తాగండి” అని ఒక అట్టముక్క కట్టండి. అది లేకపోతే ఇంటివాళ్ల కుండేమోనని చూస్తూ వెళ్లిపోతారు.