ఎన్‌పీటెల్ బయోస్టాటిస్టిక్స్ కోర్సు: భీమవరం ఆక్వా ల్యాబు నుంచి ఒక రివ్యూ

మా చుట్టుపక్కల ఆక్వా ల్యాబుల్లో పనిచేసేవాళ్లు ఈమధ్య నన్ను ఒకటే అడుగుతున్నారు, ఎన్‌పీటెల్ వాళ్ల ఆన్‌లైన్ బయోస్టాటిస్టిక్స్ (జీవశాస్త్ర అంకెల్ని విశ్లేషించే గణాంకశాస్త్రం) కోర్సు చేశావు కదా, ఏమైనా ఉపయోగం ఉందా అని. ఉంది. జీతం పెరగలేదు, పోస్టు మారలేదు. నా పనిలో నా మాటకు విలువ వచ్చింది.

ముందు వివరాలు. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి మొదలుపెట్టిన ఈ ఎన్‌పీటెల్ కోర్సులు ఇప్పుడు కేంద్ర ప్రభుత్వ స్వయం పోర్టల్లో దొరుకుతాయి. చేరడానికి, వీడియోలు చూడడానికి పైసా కట్టక్కర్లేదు. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష, నేను రాసినప్పుడు ఫీజు 1000 రూపాయలు. అసైన్‌మెంట్లకు 25 మార్కులు, పరీక్షకు 75. మొదటిదాంట్లో కనీసం 10, రెండోదాంట్లో కనీసం 30 రావాలి. 8 వారాల కోర్సయితే బాగా వచ్చిన 6 అసైన్‌మెంట్లనే లెక్కలోకి తీసుకుంటారు. సీజన్లో రాత్రిదాకా శాంపిల్స్ చూసే మాలాంటివాళ్లకు ఈ వెసులుబాటు పెద్ద ఊరట.

ఇక అసలు సంగతి. మా ల్యాబుకు రొయ్యల చెరువుల నీళ్లు వస్తాయి. పీహెచ్, ఆల్కలినిటీ, అమ్మోనియా చూస్తాం, రొయ్యలకు జబ్బు తెచ్చే విబ్రియో బ్యాక్టీరియా కోసం టీసీబీఎస్ ప్లేటు (ఆ బ్యాక్టీరియాను పెంచి చూసే ప్లేటు) వేస్తాం. మర్నాడు దానిమీద పెరిగిన బ్యాక్టీరియా చుక్కల్లో పసుపు కాలనీలెన్ని, ఆకుపచ్చ కాలనీలెన్ని అని లెక్కపెట్టి రాసివ్వాలి. ఆకుపచ్చవి ప్రమాదమని పేరు, అవి పెరిగాయంటే రైతుకు కాళ్లూ చేతులూ ఆడవు. "మందు కొట్టమంటావా అమ్మా?" అని అడుగుతాడు. ఆ మందు అమ్మేది మా ల్యాబును ఆనుకుని ఉన్న కొట్లోనే. ఇదివరకు ఆ ప్రశ్నకు జవాబు మా ఓనరు గారే చెప్పేవారు. నా పని అంకె రాయడం వరకే.

ఒక మూల నుంచి తెచ్చిన సీసా నీళ్లను బట్టి చెరువంతటి సంగతి చెప్పలేమని నాకు ఎప్పటినుంచో అనిపించేది. ఎందుకు చెప్పలేమో అంకెలతో చూపించడం ఈ కోర్సులో నేర్చుకున్నాను. పాత రిజిస్టర్లు తీసి, ఒకే రోజు ఒకే చెరువు నుంచి రెండేసి సీసాలు వచ్చిన సందర్భాలన్నీ ఎక్సెల్లో వేశాను. వారానికీ వారానికీ ఉన్న తేడా కంటే, కొన్ని చెరువుల్లో ఆ రెండు సీసాల మధ్య తేడాయే ఎక్కువ. షీటు ఓనరు గారి ముందు పెట్టాను. ఆయన చాలాసేపు చూసి, "సరేనమ్మా, ఇకమీదట నాలుగు మూలల నుంచీ తెమ్మని చెప్పు" అన్నారు.

ఆ తర్వాత ఉండి అనే ఊరి వైపు నుంచి ఒక రైతు నాలుగు సీసాలు తెచ్చాడు. తూము దగ్గరి దాంట్లోనే పచ్చవి ఎక్కువున్నాయి, మిగతా మూడూ బాగున్నాయి. మందు ఆపి, మళ్లీ శాంపిల్ తెమ్మని రిపోర్టు మీద నేనే రాశాను. కొట్టు వైపు చూడకుండా బండెక్కి వెళ్లిపోయాడాయన. అంత తృప్తి నాకు ఏ ఇంక్రిమెంటులోనూ లేదు.

హైదరాబాద్ ఫార్మా కంపెనీలకు వెళ్లమని మా అన్నయ్య ఇప్పటికీ పోరుతుంటాడు. వెళ్లాలనిపిస్తే వెళ్తాను, నేర్చుకున్నది అక్కడా పనికొస్తుంది. ఇక్కడ విసిగిపోయి మాత్రం వెళ్లను.

కష్టం లేదనను. పాఠాలు ఇంగ్లీషులో ఉంటాయి. కొన్ని కోర్సులకు తెలుగు అనువాదాలున్నాయి, చేరేముందే చూసుకోండి. ఇంటర్‌తో లెక్కలు వదిలేసినవాళ్లు కాగితం, పెన్ను పక్కన పెట్టుకుని వీడియో ఆపి ఆపి చూడాల్సిందే. పరీక్ష వాళ్లు చెప్పిన తేదీనే, సెంటర్లోనే రాయాలి. నాకు రాజమండ్రి పడింది.

జనవరి బ్యాచ్ పరీక్షలు మార్చి, ఏప్రిల్ ప్రాంతంలో వస్తాయి. మా ల్యాబుకు అది ఊపిరి సలపని కాలం, అందుకే మనవాళ్లకు జులై బ్యాచే చెబుతాను. కోర్సులో చేరడం వేరు, పరీక్షకు నమోదు చేసుకోవడం వేరు. ముందు రెండు వారాల పాఠాలు చూడండి, పనికొస్తుందనిపిస్తే గడువులోగా ఫీజు కట్టండి.